వదినగారు పడ్డారని నడక మానేయాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక పెద్ద ఉత్తరానికి ఈ వారం సమాధానం రాస్తున్నాను. రాసినవారు 66 ఏళ్ళ మహిళ, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించారు. పిల్లల్లో ఒకరు భువనేశ్వర్‌లో, ఒకరు విశాఖపట్నంలో స్థిరపడగా ఇంట్లో ఆమె, భర్త మాత్రమే ఉంటున్నారు. కిందటి చలికాలంలో, పదవీ విరమణ చేసిన ఒక డ్రిల్లు మాస్టారి చొరవతో, వాళ్ళ చుట్టుపక్కల వీధుల పెద్దవాళ్ళు పొద్దున్నే దగ్గరలోని బడి ఆవరణలో చేరి అరగంట నడవడం, కాళ్ళూ చేతులూ ఆడించడం, చివర కాసేపు ప్రాణాయామం చెయ్యడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళను పోగుచేసే పని ఈవిడ తన మీద వేసుకున్నారు. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసి ఇరవై మంది దాకా వచ్చేవారట.

వారిలో ఒకరు ఈవిడ భర్తకు స్వయానా అక్కగారు. 72 ఏళ్ళ ఆ వదినగారు అదే వీధిలో కొడుకు, కోడలి దగ్గర ఉంటారు. భర్త పోయాక గుడికి తప్ప గడప దాటని మనిషిని ఈవిడే బతిమాలి తీసుకువెళ్ళారు. కొన్ని నెలలు తిరిగేసరికి ఆమె మెట్లు ఆగకుండా ఎక్కగలిగారు, రాత్రిళ్ళు నిద్ర పడుతోందన్నారు, నలుగురిలో కలిసి మాట్లాడడం మొదలుపెట్టారు. మొన్న శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున, ముసురు పట్టి ఇంకా వెలుతురు రాని వేళ, బడి గేటు దగ్గరి ఏటవాలు గచ్చు మీద పాచికి కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆ సాయంత్రమే ఆమె కొడుకు వచ్చి వాకిట్లో నిలబడి, "అత్తా, నీ వ్యాయామాల పిచ్చికి మా అమ్మ చెయ్యి విరిగింది, ఇకమీదట ఆమెను ఎక్కడికీ పిలవద్దు" అని వీధి వినేలా అన్నాడు. అక్కగారి ఇంటి వ్యవహారంలో తలదూర్చవద్దని, పనిలో పనిగా నువ్వు కూడా మానుకొమ్మని భర్త అంటున్నారు. బడి ఆవరణకు వచ్చేవాళ్ళు ఏడెనిమిది మందికి తగ్గిపోయారు.

ఇప్పుడు పిండికట్టు విప్పేశారు. వదినగారు ఒంటరిగా దొరికినప్పుడు "మళ్ళీ ఎప్పుడు వెళ్దామే?" అని అడుగుతారు. కొడుకు ఎదుట మాత్రం "ఈ వయసులో నాకెందుకవన్నీ" అంటారు. గుడికని చెప్పి తీసుకువెళ్ళమని ఆమే ఒకసారి సూచించారట. కోడలు విడిగా మరో మాట చెప్పింది: అత్తగారు తెల్లారకుండానే వెళ్ళిపోతుంటే పాలు కాచడం, టిఫిన్లు, పిల్లల్ని బడికి తయారుచెయ్యడం తన ఒక్కదాని మీద పడేవని, ఇప్పుడు అత్తగారి స్నానం, జడ కూడా తానే చూడవలసి వస్తోందని. ఇదంతా రాసి మన పాఠకురాలు మూడు ప్రశ్నలు అడిగారు. తప్పు తనదేనా? ఈ పని ఆపెయ్యడం మంచిదా? గుడి పేరు చెప్పి వదినగారిని తీసుకువెళ్ళవచ్చా?

అమ్మా, మీ మేనల్లుడి మాటలో తొమ్మిది వంతులు భయం, ఒక వంతు నిజం ఉన్నాయి. ఆ ఒక వంతును ముందుగా ఒప్పేసుకుంటే మిగిలిన తొమ్మిదింటి గురించి అతనితో మాట్లాడడం మీకు సులువవుతుంది. పెద్దవయసులో మనిషి పడిపోవడానికి ఒకే ఒక్క కారణం ఉండడం అరుదు. ఆ రోజు చీకటి ఉంది, తడి ఉంది, వాలు ఉంది, పాచి ఉంది, కాళ్ళకు ఏ చెప్పులున్నాయో మీరు రాయలేదు. వీటికి తోడు ఆమె చూపు ఎలా ఉంది, రక్తపోటుకో నిద్రకో మాత్రలేమైనా వాడుతున్నారా, పక్క మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతాయా అన్నవి ఎవరూ చూసినట్టు లేదు. ఇందులో వ్యాయామం చేసిన హాని ఏదీ నాకు కనిపించలేదు. అయితే పెద్దవాళ్ళను ఒక చోటికి పిలిచినప్పుడు ఆ చోటికి వచ్చే దారి, వచ్చే వేళ కూడా పిలిచినవారి పూచీలోకి వస్తాయి. వానాకాలంలో వేళ మార్చి ఉండవలసింది, లేదా పైకప్పు ఉన్న చోటు చూసుకుని ఉండవలసింది. ఆ పూచీ మీ ఒక్కరిదే కాదు, మాస్టారిదీ, వచ్చే ఇరవై మందిదీ కూడా. దాన్ని అపరాధంగా మోయవలసిన అవసరం మీకు లేదు, కాని "మేం అది చూసుకోలేదు, ఇకపైన చూసుకుంటాం" అని అతనితో చెప్పడం వల్ల మీ పెద్దరికం ఏమీ తగ్గదు.

ఇంట్లో కూర్చోబెడితే పడరు అన్న మీ మేనల్లుడి నమ్మకం సగటు మనిషికి సహజంగానే తోస్తుంది. కాని పెద్దవాళ్ళు పడిపోవడాల్లో చాలా భాగం ఇంట్లోనే జరుగుతాయి. కదలకుండా గడిచే వారాల్లో తొడల కండరాలు, పిక్కలు వేగంగా బలహీనపడతాయి, దాంతో తూలినప్పుడు కాలు నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. ఒకసారి పడినవాళ్ళకు మళ్ళీ పడతామన్న భయం పట్టుకుంటే అడుగులు చిన్నవై, కదలిక ఇంకా తగ్గి, ఆ భయమే రెండోసారి పడడానికి దారి తీస్తుంది. కాబట్టి మీ వదినగారు ఇప్పుడు ఇంట్లో క్షేమంగా ఉన్నారని అనుకోవడానికి లేదు. ఈ మాట మేనల్లుడికి చెప్పవలసినదే, కాని మీ నోటితో చెబితే అతనికి వాదనలా వినిపిస్తుంది. ఎవరి చేత చెప్పించాలన్నది తర్వాత రాస్తాను.

ఇక్కడ మీకూ మాస్టారికీ నచ్చకపోవచ్చు గాని ఒక మాట అనాలి. మీ కార్యక్రమంలో నడక ఎక్కువ, కాళ్ళకు బలమిచ్చే పని తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్ళు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలి. అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఆయాసం వచ్చేలా నడవడం వంటిది. అక్కడితో వాళ్ళు ఆగలేదు. కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు వారానికి కనీసం రెండు రోజులు, నిలకడకూ బలానికీ కలిపి చేసేవి మూడు రోజులో అంతకన్నా ఎక్కువో ఉండాలన్నారు. వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2019లో 108 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 23 వేల పైచిలుకు మంది వివరాలను కలిపి పరిశీలించినప్పుడు, వ్యాయామం చేసిన పెద్దవాళ్ళలో పడిపోయే సంఘటనలు 23 శాతం తగ్గినట్టు తేలింది. ఆ మేలు ముఖ్యంగా నిలకడకూ, లేవడం కూర్చోవడం వంటి రోజువారీ కదలికలకూ సంబంధించిన వ్యాయామాల వల్ల వచ్చింది. నడక ఒక్కదాని వల్లనే పడిపోవడాలు తగ్గుతాయని గట్టిగా చెప్పే ఆధారం వాళ్ళకు దొరకలేదు. నడక గుండెకూ, చక్కెరకూ, మనసుకూ మంచిదే, దాన్ని వదలమనడం లేదు. కాని తడి గచ్చు మీద కాలు జారినప్పుడు మనిషిని నిలబెట్టే బలం వేరే సాధనతో వస్తుంది.

అది ఖర్చుతో కూడినది కాదు. చేతులు లేని, కదలని కుర్చీని గోడకు ఆనించి వేసి, అందులోంచి నెమ్మదిగా లేచి మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం, కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, పక్కన మనిషి ఉండగా ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనించి పది సెకన్లు నిలబడడం, ఇలాంటివే. బడిపిల్లలకు చేయించిన వేగంతో గుంజీలు తీయించడం మోకాళ్ళ నొప్పులవాళ్ళకు పనికిరాదు. మాస్టారికి ఇది చెప్పడం కొంచెం కష్టమైన పనే. నలభై ఏళ్ళు ఈల ఊది అలవాటైన నోరు కదా!

జపాన్‌లో కోచి అనే నగరం 2002 నుంచి ఇలాంటి పద్ధతినే నడుపుతోంది. పెద్దవాళ్ళు తమ వీధికి దగ్గరలో ఏదో ఒక గదిలో చేరి, కుర్చీల్లో కూర్చుని, మణికట్టుకూ చీలమండకూ చిన్న చిన్న బరువులు కట్టుకుని, ఓపికను బట్టి వాటిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. నగరపాలక సంస్థ పద్ధతి నేర్పితే నిర్వహణ అంతా ఆ వీధివాళ్ళే చూసుకుంటారు. అక్కడి నుంచి అది జపాన్‌లోని అనేక పట్టణాలకు పాకింది. వారానికి ఒకటి రెండుసార్లు చేరితే చాలునన్నది అందులో నాకు నచ్చిన సంగతి. మన దగ్గర ఏదైనా మొదలుపెడితే రోజూ రావాలంటాం. నాలుగు రోజులు రాలేని మనిషి ఆ సిగ్గుతో ఐదో రోజు నుంచి రావడమే మానేస్తుంది.

మీ ముందు ఉన్న దారుల్లో మొదటిది, భర్త చెప్పినట్టు అంతా మానుకోవడం. దానివల్ల ఇంటి గొడవ కొన్నాళ్ళు సద్దుమణుగుతుంది, బంధువుల పేరంటాల్లో గుసగుసలు ఆగుతాయి. కాని తప్పు మీదేనని మీరే సంతకం చేసినట్టవుతుంది, ఇంకా వస్తున్న ఆ ఏడెనిమిది మందికీ ఆసరా పోతుంది, 66 ఏళ్ళ మీ కాళ్ళ సంగతి ఎవరూ అడగరు. రెండో దారి, వదినగారి ఊసు ఎత్తకుండా మీ మటుకు మీరు వెళ్ళడం. ఇది చేయదగినదే, కాని రోజూ వాళ్ళ గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళాలి, ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. మనసు ఎన్నాళ్ళు ఊరుకుంటుందో మీకే తెలియాలి.

గుడి పేరు చెప్పి తీసుకువెళ్ళే దారి మాత్రం వద్దు. మీ ఊరు ఎంతదో మీకు తెలుసు. రెండో రోజుకే ఆ కబురు మేనల్లుడికి చేరుతుంది. ఈ మధ్యలో ఆమె కాలు ఇంకోసారి తడబడితే, చిన్న దెబ్బే తగిలినా, ఇక మీ రెండిళ్ళ మధ్య మాటలుండవు, ఆమెకు గుడి కూడా మూసుకుపోతుంది. అంతకన్నా నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. 72 ఏళ్ళ మనిషి తన ఇంట్లోంచి తాను బయటికి రావడానికి చిన్నపిల్లలా అబద్ధమాడవలసి రావడం. దానికి మీరు తోడ్పడితే ఆ పరిస్థితిని మీరు కూడా ఒప్పుకున్నట్టే.

నేను మీరైతే మీ వారితో మొదలుపెడతాను. ఆయన ఆ అబ్బాయికి మేనమామ. మన కుటుంబాల్లో మేనమామ మాటకు ఇప్పటికీ ఒక బరువుంది, మీ మాటకు లేని చనువు కూడా ఉంది. ఆయన తలదూర్చనంటున్నది అక్కగారి మీద అక్కర లేక కాదు, గొడవ పెరుగుతుందన్న జంకుతో అయి ఉండవచ్చు. కాబట్టి ఆయన్ను తీర్పు చెప్పమని అడగవద్దు. ఒక చిన్న పని అప్పగించండి. "అమ్మకు ఎముకల సంగతి ఒకసారి డాక్టరుకు చూపిద్దాం, నువ్వే తీసుకురా, నేనూ వస్తాను" అని మేనల్లుడితో అనడం చాలు. ఇది సాకు కాదు, నిజంగా జరగవలసిన పని. నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన ఈ వయసు స్త్రీకి మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమోనని వైద్యులు అనుమానించవలసినదే, అవసరమైతే ఎముకల సాంద్రత పరీక్ష రాస్తారు. దానికి మీవాళ్ళు బరంపురమో విశాఖపట్నమో వెళ్ళవలసి రావచ్చు. విటమిన్ డి, కాల్షియం సంగతి, ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీ, కళ్ళలో శుక్లాలు, నిలబడగానే రక్తపోటు పడిపోతోందా అన్నది కూడా అదే రాకలో చూపించండి. పిండికట్టు విప్పాక వేళ్ళు, మణికట్టు బిగుసుకుపోకుండా చేయవలసిన కదలికలు వేరే ఉంటాయి, వాటిని నేర్పే ఫిజియోథెరపిస్టు మీ జిల్లా కేంద్రాసుపత్రిలో ఉన్నారేమో అడగండి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కోసం కేంద్రం 2010–11లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో ఈ సేవ ఉండాలనే చెబుతోంది.

అక్కడ అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న, "ఈమె వ్యాయామం చెయ్యవచ్చా" అన్నది కాదు. అలా అడిగితే, తీరికలేని డాక్టరు "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అని పంపేస్తారు. "ఈమె మళ్ళీ పడకుండా ఉండాలంటే ఏ వ్యాయామాలు, ఎవరి పర్యవేక్షణలో, ఎప్పటి నుంచి చెయ్యాలి" అని అడగాలి. జవాబు కొడుకు చెవిన నేరుగా పడాలి. మీరు ఆ గదిలో లేకపోవడమే మేలు.

కోడలి సంగతి నిజానికి మీ ఉత్తరంలోకెల్లా తేలిగ్గా తీరే చిక్కు, కాని దాన్ని మీరు చివర రెండు వాక్యాల్లో దాటవేశారు. ఆ అమ్మాయి ఫిర్యాదు న్యాయమైనది. అత్తగారి ఆరోగ్యం ఎవరి నిద్ర, ఎవరి చేతుల మీదుగా బాగుపడుతోందో ఎవరూ లెక్క వెయ్యలేదు. పిల్లలు బడికి వెళ్ళిపోయాక, తొమ్మిదిన్నర ప్రాంతంలో, నీడ ఉన్న చోట చేరితే ఆమెకు ఊపిరి ఆడుతుంది, వాన చీకటి బెడద ఉండదు, గచ్చు ఆరి ఉంటుంది. వైశాఖం, జ్యేష్ఠం ఎండలకు మళ్ళీ వేళ మార్చుకోవాలి. వేళ మారిస్తే ఉద్యోగాలు చేసే ఒకరిద్దరు రాలేకపోవచ్చు, మాస్టారికి పొద్దుటి ఆవరణే ఇష్టం కావచ్చు. అప్పుడు నడిచేవాళ్ళు పొద్దున నడుస్తారు, కుర్చీల వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు విడిగా జరుగుతుంది. రెండూ ఒక్క గంటలో ఇరికించాలన్న నియమమేమీ లేదు కదా. కల్యాణ మండపమో, గుడి వసారానో, మీ వీధి మిషన్ శక్తి మహిళా సంఘంవాళ్ళు కూర్చునే చోటో అడిగి చూడండి. దగ్గరలో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం అనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంటే అక్కడ యోగా నేర్పేవారు వస్తారేమో కనుక్కోండి.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ప్రతి ఒక్కరి జబ్బులు, వాడే మందులు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి, ఏదైనా జరిగితే 108కి ఫోన్ చేసేది ఎవరో ముందే అనుకోండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, అలవాటు లేని ఆయాసం వస్తే ఆగిపోవాలని అందరికీ చెప్పండి. చెప్పేది తెలుగులోనూ ఒడియాలోనూ చెబితే వెనక వరసలో నిలబడి పక్కవారిని చూసి చేసే వాళ్ళు ఉండరు. తప్పుగా చేసి నడుము పట్టించుకునేది ఎక్కువగా ఆ వెనక వరసవాళ్ళే.

ఇంతా చేసి మీ మేనల్లుడు ససేమిరా అంటే? అప్పుడు వ్యాయామమే ఆమె గదిలోకి వెళ్ళవచ్చు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లలో రూపొందించిన పద్ధతి ఇంట్లో చేసుకోవడానికే తయారైంది. కాళ్ళ బలానికీ నిలకడకూ వారానికి మూడు రోజులు అరగంట చొప్పున, దానికి తోడు రెండు రోజులు కొద్దిపాటి నడక. దాన్ని మొదట పరీక్షించింది 80 ఏళ్ళు దాటిన స్త్రీల మీదే. డాక్టరు ఒప్పుకున్నాక, మీరు ఆ ఇంటికే వెళ్ళి, కోడలు కూడా చూస్తుండగా, ఇద్దరూ కలిసి చేసుకోవచ్చు. నలుగురిలో కలిసే ఆనందం అందులో రాదు, ఆమె కోరుకుంటున్నది ముఖ్యంగా దాన్నేనని నా అనుమానం, కాని కొడుకు కళ్ళెదుట తల్లి కాళ్ళు గట్టిపడడం అతనికి కనిపిస్తుంది. కొందరు మీకు వృద్ధుల సహాయవాణి 14567కి ఫోన్ చెయ్యమనో, 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం ఉందనో సలహా ఇవ్వవచ్చు. వాటిలోని ఫిర్యాదు దారి నిర్లక్ష్యానికీ హింసకూ గురైన వాళ్ళకోసం ఉంది. తల్లి చెయ్యి విరిగిందని భయపడ్డ కొడుకు మీద వాటిని ప్రయోగించడం అన్యాయం.

ఇంకొక అవకాశానికి కూడా మీరు సిద్ధపడాలి. వదినగారు మీతో ఒకటి, కొడుకుతో ఒకటి చెబుతున్నారు. మీతో చెప్పేదే మనసులో మాట అని మీరు నమ్ముతున్నారు, నాకూ అలాగే అనిపిస్తోంది, కాని మీ ఎదుట మిమ్మల్ని సంతోషపెట్టడానికి అలా అంటున్నారేమో కూడా ఎవరికి తెలుసు? పడిన మనిషికి ఆ గేటు తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించవచ్చు. తొందరపెట్టకుండా, "వెళ్దామా" అని కాకుండా "నీకేం భయంగా ఉంది వదినా" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోండి. వద్దంటే ఆ మాటను కూడా కొడుకు మాటంత గట్టిగానే గౌరవించండి.

మీ ఉత్తరంలో మీ వారి వయసు గాని, ఆయన ఎంత కదులుతారన్నది గాని లేదు. మిమ్మల్ని మానుకొమ్మంటున్న ఆయన తాను మొదలుపెట్టారా? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సూచించే ఒక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు: చేతులు గుండెల మీద కట్టుకుని, పక్కన ఒక మనిషి ఉండగా, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టడం. 65 నుంచి 69 ఏళ్ళ స్త్రీకి 11 కన్నా, 70 నుంచి 74 ఏళ్ళ స్త్రీకి 10 కన్నా తక్కువ వస్తే కాళ్ళ బలం తగ్గిందని అర్థం. మగవారికి 65 నుంచి 74 దాకా ఆ హద్దు 12. వదినగారి ఇంటికి వెళ్ళేముందు మీరిద్దరూ ఒకరికొకరు లెక్కపెట్టి చూసుకోండి. మీ వారికి పన్నెండు రాకపోతే, మేనల్లుడితో మాట్లాడడానికి ఆయన దగ్గర తన సొంత కారణం కూడా ఒకటి ఉంటుంది.